వెంట్రుక గీత

మా తోటికోడలి చేతిరాత బాగుంటుంది. ఈ మాట మొదటి వాక్యంగా రాయగలిగానంటే నన్ను నేనే మెచ్చుకోవాలి. ఇంతకు ముందైతే ఎవరైనా ఆ సంగతి ఎత్తగానే "ఆఁ, బానే రాస్తుందిలే" అని పళ్ళ మధ్య నుంచి ఒక ముక్క విసిరేసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నట్టు వంటింట్లోకి పరిగెత్తేదాన్ని. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు. గట్టు దగ్గర కాసేపు నిలబడి, అక్కడున్న గరిటెని ఇక్కడా ఇక్కడున్న గరిటెని అక్కడా పెట్టి, మొహం సర్దుకుని బయటికొచ్చేదాన్ని.

అసలు సంగతి చెప్పాలంటే ముందు మా ఇల్లు చెప్పాలి. మేముండేది విజయవాడలో, పటమటలో. మా అత్తగారి వాళ్ళకి మైలవరం దగ్గర మామిడితోట ఉంది. దాన్ని ఇంటిల్లిపాదీ 'పెద్దతోట' అంటారు. మరి చిన్నతోట ఎక్కడుందని కాపరానికొచ్చిన కొత్తలో అడిగాను. "చిన్నతోటెందుకుంటదమ్మా, మనకున్నది ఇదొకటేగా" అన్నారు మావయ్యగారు. ఆ తర్వాత నేను మళ్ళీ అడగలేదు.

నేను డిజైనర్ని. వెనక గదిలో కంప్యూటర్ పెట్టుకుని శుభలేఖలు, మిఠాయి కొట్లకి అట్టపెట్టెలు, డాక్టర్ల బోర్డులు, కొత్తగా తెరిచే దుకాణాలకి లోగోలు చేస్తుంటాను. ఇంట్లో కూడా గీత గీయాల్సిన పనంటూ ఏదొచ్చినా అది నా దగ్గరికే వచ్చేది. పచ్చడి జాడీల మీద చీటీలు, పిల్లల పుట్టినరోజుకి గోడ మీద అట్టముక్కల అక్షరాలు, ఆఖరికి అత్తయ్యగారి మందుల డబ్బా మీద 'ఉదయం', 'రాత్రి' అనేవి కూడా. వచ్చినవాళ్ళందరికీ ఆవిడ "మా పెద్ద కోడలికి చేతిలో కళ ఉందండీ" అని చెప్పేవారు. ఆ ఒక్క మాట మీదే నేను ఆ ఇంట్లో నెట్టుకొచ్చాను. ఎందుకంటే నాకు వంట అంతంతమాత్రం. మాట దురుసు. చుట్టాలొస్తే ఎవరు ఎవరికేమవుతారో గుర్తుండదు. పూజలో ఏ వేలితో బొట్టు పెట్టాలో ఇప్పటికీ పక్కవాళ్ళని చూసి పెడతాను. అవన్నీ ఆ చేతిలో కళ కింద కొట్టుకుపోయేవి.

అప్పుడు మా మరిదికి పెళ్ళయింది.

తోటికోడలు గుడివాడ వైపు పిల్ల. గన్నవరం దగ్గర ఏదో కంప్యూటర్ ఆఫీసులో ఉద్యోగం. జీతం నాకొచ్చేదానికంటే ఎక్కువ, ఏడవలేదు. జడ నాకంటే పొడుగు, కాస్త ఏడ్చాను గానీ సర్దుకున్నాను. పులిహోర కలిపితే ఇంటిల్లిపాదీ గిన్నె ఊడ్చేవాళ్ళు. పోనీలే, నాకు తినే పని తప్పిందా అనుకున్నాను. పైగా మనిషి మంచిది. ఇదే పెద్ద గొడవ. కాస్త పొగరో కాస్త పెడసరమో ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. "అక్కా, మీరు కూర్చోండి, నేను చేస్తాగా" అంటూ వెనకే తిరుగుతుంటే ఎవర్ని తిట్టుకోను?

మా మరిదికి ఒక ఆలోచన వచ్చింది. కాయంతా మార్కెట్‌కే తోలేకంటే, కొంత మనమే మంచి అట్టపెట్టెల్లో సర్ది, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి నేరుగా ఇంటికి పంపిస్తే బాగుంటుందని. పెట్టె మీద పేరుండాలి, పేరు 'పెద్దతోట'. లోగో ఎవరు చేస్తారన్న ప్రశ్నే రాలేదు. అందరూ నావైపు చూశారు. నేను గాల్లో తేలాను. ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పెట్టెలకి చేశాను, ఇప్పుడు మా ఇంటి పెట్టెకి.

చేశాను. నున్నటి గుండ్రటి అక్షరాలు, 'ట' తోక చివర చిన్న మామిడాకు. మావయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చూశారు. "బాగుందమ్మా, శుభలేఖలాగుంది" అన్నారు. మెచ్చుకున్నారనుకుని లోపలికి వెళ్ళి మావారికి చెప్పాను. ఆయన పడీపడీ నవ్వారు. అప్పుడర్థమైంది. ఆ పూట ఆయనకి కూరలో ఉప్పు నేను కావాలని మర్చిపోయాను.

ఇంకా దాని మీద ఏం తేలకముందే కాయ కోతకొచ్చింది. అందరం తోటకి వెళ్ళాం. దూరం వెళ్ళే సరుకు ఇప్పటికీ చెక్క పెట్టెల్లోనే పోతుంది. ఒకే లారీలో నలుగురి తోటల పెట్టెలు ఎక్కుతాయి కాబట్టి, దించేచోట కలిసిపోకుండా ఒక్కో పెట్టె మీద ఆ తోట పేరు నల్ల పెయింటుతో రాస్తారు. దాన్ని మార్కు వేయడం అంటారు. మా తోటకి ఏటా మావయ్యగారే మార్కు వేసేవారు. ఆ ఏడు ఆయన భుజం పట్టేసింది. పెయింటు డబ్బా, కుంచె పట్టుకొచ్చి మధ్యలో పెట్టి, "ఎవరేస్తారో వెయ్యండి మరి" అన్నారు.

అందరూ మళ్ళీ నావైపే చూశారు. నేను అప్పటిదాకా కాయలకి తొడిమలు విరుస్తున్నాను, చేతులనిండా సొన. "ఉండండి, చేతులు కడుక్కొస్తా" అని బోరు దగ్గరికి వెళ్ళాను. మామిడి సొన ఓ పట్టాన వదలదు. ఇసుక వేసి రుద్దాను. నిజం చెప్పాలంటే తొందరపడలేదు కూడా. చేత్తో కుంచె పట్టి ఎన్నాళ్ళైందో నాకే తెలీదు. అందరి ముందూ చెయ్యి వణికితే ఎట్లా అని లోపల ఒక బెరుకు. ఎట్లా మొదలుపెట్టాలో ఆలోచించుకుంటూ వచ్చేసరికి తోటికోడలు చున్నీ నడుముకి బిగించి, జడ ముడేసి పిన్ను గుచ్చుకుని, పెట్టె ముందు వంగి ఉంది.

అప్పటికే 'తో' దాకా వచ్చింది. 'ట' నా కళ్ళ ముందే రాసింది.

ఏం చెప్పను! కుంచె మొదట చెక్క మీద ఆనినచోట గీత దట్టంగా, నల్లగా ఉంది. పోనుపోను పెయింటు పల్చబడి, చివరికొచ్చేసరికి కుంచె పోచలు విడిపోయి, మధ్యలోంచి చెక్క రంగు కనిపిస్తోంది. 'ద్ద' కింద ఒత్తు అలా ఊగి పైకి లేచింది. ఎక్కడా ఆగలేదు, దిద్దలేదు. గాజులు గలగలమన్నాయి, అయిపోయింది. నా కడుపులో ఎవరో మిరపకాయ తుంచి వేశారు.

"అబ్బ! అదీ రాతంటే!" అన్నారు మావయ్యగారు. చెట్ల మీదున్నవాళ్ళని కూడా కేకేసి పిలిచారు. "ఇట్రండ్రా, మా చిన్నకోడలు రాసింది చూడండి!" వాళ్ళు కాయ కోసే చిక్కాల కర్రలు కింద పెట్టి మరీ వచ్చి చూశారు. ఆయన నావైపు తిరిగి, మనసులో ఏమీ లేకుండా, నవ్వుతూ అన్నారు. "అమ్మాయ్, అట్టపెట్టె మీదక్కూడా అచ్చం ఇట్టాగే రావాలి. చేత్తో రాసినట్టుండాల. నీ కంప్యూటర్లో పెట్టి ఏదోటి చెయ్యి."

ఏదోటి చెయ్యాలట! నా పదేళ్ళ పైచిలుకు పని ఆయనకి ఏదోటి.

మావారు ఫోన్‌తో ఆ పెట్టె ఫొటో తీశారు. ఇంటికొచ్చి తెరమీద చూస్తే పనికిరాలేదు. చెక్క పలకల మధ్య సందులు అక్షరాల నడుముల్లోంచి పోయాయి. "పోనీ ఆమెనే ఓ కాగితం మీద మళ్ళీ రాయమను, స్కాన్ చేసుకుందువుగాని" అన్నారాయన. చిటికెలో అయ్యే పని. ఎవరైనా అదే చేస్తారు. తోటికోడలు పక్క గదిలోనే ఉంది, అడిగితే అన్నం ముందునుంచి లేచొచ్చి రాస్తుంది.

"అక్కర్లేదు" అన్నాను. "నేను చేస్తాను. దానికంటే బాగా వస్తుంది."

నోట్లోంచి మాట వచ్చేసింది, ఇక చేసి తీరాలి.

చేత్తో రాసినట్టు కనిపించేలా కంప్యూటర్లో చేయడం ఎంత కష్టమో, చేత్తో రాసేవాళ్ళకి తెలీదు. ముందు అక్షరాల దారి గీసుకోవాలి, సన్నటి గీతలా, ఎముకల్లా. తర్వాత ఆ గీత మీద కుంచె తొడగాలి. సాఫ్ట్‌వేర్‌లో తయారుగా ఉన్న కుంచెలు బోలెడు. ఒకటి తొడిగితే టూత్‌పేస్ట్ పిండినట్టుంది. ఇంకొకటి తొడిగితే అక్షరానికి వెంట్రుకలు మొలిచినట్టుంది. అంచులు గరుకు చేసే సౌకర్యం ఒకటుంది, అది వాడితే 'పెద్దతోట'ని ఎలుకలు కొరికాయి. ఎంత మార్చినా, ఎంత తిప్పినా, అది రాయని రాతే. తెరమీద కనిపించే అక్షరాల వెనక నాకు ఆ గాజుల చప్పుడే వినిపించేది.

ఇంకో గొడవ ఏమిటంటే, తొడిగిన కుంచె గీత మొదలైనచోట దట్టంగా, ముగిసినచోట పల్చగా వస్తుంది. నేను దారి గీసేటప్పుడు ఎక్కడ వీలైతే అక్కడ మొదలుపెట్టాను. అంచేత 'తో' కొమ్ము చివర దట్టంగా, మొదట్లో చీలిపోయి, చివరినుంచి మొదటికి రాసినట్టు తయారైంది. సరే, చెయ్యి అసలు ఎక్కడ మొదలుపెడుతుంది? 'ద' పొట్ట ముందా, తలకట్టు ముందా? ఆలోచిస్తే గుర్తు రాలేదు. ఏళ్ళ తరబడి కీబోర్డు మీద తెలుగు కొట్టి కొట్టి, చేత్తో రాసే వరస చెయ్యే మర్చిపోయింది. పెన్నుతో రాసిచూస్తే మరీ గబగబా కొట్టేస్తున్నాను, అందులో తెలియడంలేదు.

వంటింట్లోకి వెళ్ళి పళ్ళెంలో బియ్యం పోసుకుని, నేల మీద మఠం వేసుక్కూర్చుని, చూపుడువేలితో 'ద' దిద్దాను. నెమ్మదిగా, గట్టిగా, చిన్నప్పుడు అయ్యవారు వేలు పట్టుకుని దిద్దించినట్టు. వేలికి గుర్తుంది. బియ్యం చెరిపి 'తో' రాశాను. మళ్ళీ చెరిపి 'ట'.

అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారని నాకు తెలీదు.

"ఏంటమ్మాయ్, ఈ వయసులో అక్షరాభ్యాసమా?" అన్నారు. "పంతుల్ని పిలవలేదే?"

"పనండీ" అన్నాను.

"ఏం పనో. ఆ బియ్యం మళ్ళీ డబ్బాలో పొయ్యి, రాత్రికి అవే" అని వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఆ కబురు ఇంటినిండా పాకింది. తోటికోడలు కూడా నవ్విందేమోనని నేను చెవులు రిక్కించాను. నవ్వలేదు. అదీ నాకు నచ్చలేదు.

దారి కుదిరింది, కుంచె కుదరలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, పిల్లలు పక్కింట్లోనూ తోటికోడలు ఆఫీసులోనూ ఉండగా, తలుపేసుకుని నిజం కుంచె తీశాను. పిల్లల రంగుల డబ్బాలోంచి పోచలు రాలిపోతున్న పాత కుంచె, నల్ల రంగు. అక్షరాలు రాస్తే నా రాత నాకే నచ్చలేదు. చూసి చించేశాను. కానీ ఒక్క గీత, అడ్డంగా, ఎడమనుంచి కుడికి లాగడానికి ఎవరికైనా వస్తుంది కదా. కాగితాల నిండా గీతలు లాగాను. ఒకటి బ్రహ్మాండంగా వచ్చింది. మొదట ముద్దగా, చివర పోచలు విడిపోయి, ఆరిపోతున్నట్టుగా. ఆ గీత చివరి భాగంలో కుంచె వెంట్రుకొకటి ఊడి రంగులో ఇరుక్కుంది. ఆరాక గోటితో లాగితే ఊడొచ్చింది. అదున్నచోట సన్నటి తెల్లటి వంకర గీత మిగిలింది. దిద్దేద్దామా అనుకున్నాను. ఉండనీ, చేత్తో చేసినట్టుంటుంది అనుకున్నాను.

ఆ గీతని స్కాన్ చేశాను. నలుపు తెలుపులుగా విడగొట్టి, దాన్నే కుంచెగా మార్చి, అక్షరాల ఎముకల మీద తొడిగాను. అమ్మా! బతికింది. 'పెద్దతోట' లేచి నిలబడింది. పెట్టె మీద ఎవరో ఇప్పుడే రాసి, కుంచె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుంటున్నట్టుంది. కుర్చీలోంచి లేచి గదిలో ఒక చుట్టు చుట్టొచ్చాను.

మళ్ళీ కూర్చుని చూస్తే అప్పుడు కనిపించింది. ఒకటే గీతని అన్నింటికీ తొడిగాను కాబట్టి, ఆ వెంట్రుక వంకర అన్ని అక్షరాల మీదా ఉంది. పొడుగు గీత మీద సాగి, పొట్టి గీత మీద ముడుచుకుని. నిజంగా చేత్తో రాస్తే ఒక్కో గీత ఒక్కోలా వస్తుంది. మంచి డిజైనరైతే నాలుగైదు రకాల గీతలు చేసి మార్చి మార్చి తొడుగుతాడు. నాకు తెలుసు. కానీ అంత మంచి గీత నాకు మళ్ళీ రాలేదు. అట్టపెట్టెలు చేసేవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఎవరు చూస్తారులే అని పంపించేశాను.

పెట్టెలొచ్చాయి. మా మరిది ఒకటి మడిచి, నిలబెట్టి, హాల్లో బల్ల మీద పెట్టాడు. మావయ్యగారు దూరంనుంచి చూశారు, దగ్గరికొచ్చి చూశారు, వేలితో అక్షరాల మీద తడిమారు. పెయింటు అంటుతుందేమోనని వేలు చూసుకున్నారు కూడా! పదేళ్ళ పైచిలుకు పనిలో నాకు అంతకంటే మెచ్చుకోలు దొరకలేదు.

"భలే దించావమ్మా! అచ్చం చిన్నకోడలి రాతే!" అన్నారు.

దించానట. నేను దించానట! అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ క్షణాన తెలిసింది. ఆమె రాతలో ఒక్క పోచ కూడా వాడలేదు, ఇది నా గీత, నా బియ్యం, నా చూపుడువేలు అని అరవాలనిపించింది. తోటికోడలు మాత్రం వెంటనే, "అయ్యో, నాది కాదు మావయ్యగారూ, మొత్తం అక్కే చేసింది" అంది. "ఆ, చేసింది అక్కే, రాత నీది" అన్నారాయన, ఇద్దరికీ సమానంగా పంచినంత తృప్తిగా.

ఇక అక్కణ్ణుంచి మొదలు. పెట్టెలు ఎక్కడికి వెళ్తే అక్కడికి ఆ మాటా వెళ్ళింది. అత్తయ్యగారి అక్కగారు కొండపల్లినుంచి ఫోన్ చేసి, "కాయా బాగుంది, పెట్టె మీద మీ చిన్నకోడలి రాత ఇంకా బాగుంది" అన్నారు. ఫోన్ స్పీకర్లో ఉంది. నేను పక్కనే చిక్కుళ్ళు తుంచుతున్నాను. కింది వాటావాళ్ళు పెట్టె చింపకుండా దాచుకున్నారట, చేత్తో రాసిందని. ప్రతిసారీ తోటికోడలు "కాదండీ, అక్క చేసింది" అనేది. ప్రతిసారీ వాళ్ళు "చూశావా, ఎంత అణకువో" అనేవాళ్ళు. అది కాస్త గట్టిగా చెప్పకూడదా? బల్ల గుద్ది చెప్పకూడదా? ఆ నసిగే గొంతుతో చెబితే ఎవరు నమ్ముతారు? కావాలనే నసుగుతోందేమో! ఒకసారి అనుమానం మొదలైతే నాకు అడ్డూ ఆపూ ఉండదు.

ఒకరోజు వంటింట్లో ఆగలేకపోయాను. "అక్కా, మా ఆఫీసులో కూడా నేనే రాశాననుకుంటున్నారు, నేను చెప్పాను..." అని ఆమె ఏదో మొదలుపెట్టింది.

"అనుకోనియ్యి తల్లీ. రాసింది నువ్వు, దించింది నేను. పేరు నీకొస్తే నాకేం, ఒక ఇంట్లోదేగా" అన్నాను. మాటలు తేనెలాగే ఉన్నాయి, అన్న తీరు మాత్రం కాదు. ఆమె చేతిలో గ్లాసు గట్టు మీద పెట్టేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆదివారాలు ఇంట్లో ఉండటం తగ్గించింది. మా మరిదితో తోటకి వెళ్తున్నానని చెప్పేది. పోతే పోనీ అనుకున్నాను. మెచ్చుకునేవాళ్ళు అక్కడ కూడా ఉంటారు.

కాపు చివరికొచ్చింది. రసాల ఆఖరి కోతకి మళ్ళీ అందరం వెళ్ళాం. ఖాళీ పెట్టెలు తక్కువయ్యాయి. "షెడ్డులో వెనక పాతవేమైనా ఉన్నాయేమో చూడమ్మా" అన్నారు మావయ్యగారు. వెళ్ళాను. ఎండుగడ్డి వాసన, మగ్గిన కాయల వాసన. వెనక గోడకి ఆనించి ఒకదాని మీద ఒకటి చెక్క పెట్టెలున్నాయి. అన్నీ గోడవైపు మొహం పెట్టి ఉన్నాయి. ఒకటి తీసి ఇటు తిప్పాను.

'పెద్దతోట'.

ఇంకొకటి తిప్పాను. 'పెద్దతోట'. ఇంకొకటి. తిప్పుతూ పోయాను. అన్నిటిమీదా తోటికోడలి చెయ్యే. కానీ ఆ రోజు నా కడుపు మండించిన చెయ్యి కాదు. ఊపు లేదు. ఎక్కడికక్కడ ఆగి, భయపడి, దిద్దినట్టుంది. కింది పెట్టెల్లో ఒక అక్షరం మీద, పైనున్న పెట్టెల్లో అన్ని అక్షరాల మీద, గీతల చివర సన్నటి వంకర గీత ఉంది. తడి పెయింటులో దేనితోనో గీసి, చెక్క బయటపడేలా. పొడుగు గీత మీద పొడుగ్గా, పొట్టి గీత మీద పొట్టిగా.

పెట్టెల వెనక మా అట్టపెట్టె ఒకటి, అంచులనిండా నల్ల వేలిముద్రలతో, గోడకి చేరగిలబడి ఉంది. దాన్ని ముందు పెట్టుకుని చూసి రాసిందన్నమాట.

అడుగుల చప్పుడైతే వెనక్కి తిరిగాను. గుమ్మంలో ఆమే. నా చేతిలో పెట్టె చూసి మొహం ఎర్రబడింది. దొంగతనం చేస్తూ దొరికినట్టు నిలబడింది.

"చూసేశారా అక్కా" అంది.

"ఏంటివన్నీ?"

"మావయ్యగారు చెక్క పెట్టెల మీద కూడా అట్టపెట్టె మీదలాగే వెయ్యమన్నారు. నేనేగా రాసిందనుకుంటున్నారు. మొదట నాకు వచ్చినట్టు రాశా. ఆయనకి నచ్చలా. 'ఇదేంటమ్మా, పెట్టె మీద దానికున్న అందం దీనికి లేదే, చెయ్యి తప్పిందా' అన్నారు." గొంతు సన్నబడింది. "మీ రాత చూస్తే నాకు కుళ్ళొచ్చేసింది అక్కా. ప్రతి ఆదివారం వచ్చి నేర్చుకుందామని చూశా. అన్నీ వస్తన్నయ్ గానీ ఆ తెల్ల గీత రావట్లా. అన్ని అక్షరాల మీదా ఒక్కలాగే ఎట్టా తెప్పిస్తారు?"

నా చెవులతో విన్నాను. కుళ్ళొచ్చిందట. నన్ను చూసి. కొన్ని నెలలుగా నేను మింగుతున్న చేదంతా, ఆమె ఒక్కతే ఈ షెడ్డులో కూర్చుని నా వల్ల మింగుతోందట! నా కడుపు చల్లబడింది. దాచుకోవడం ఎందుకు, చాలా హాయిగా అనిపించింది. ఆ హాయిని ఇంకాసేపు చప్పరిద్దామని, గంభీరంగా మొహం పెట్టి, "చెయ్యి తిరగాలమ్మా" అన్నాను.

ఆమె నిజంగానే తలూపింది, "అంతేలెండి" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక నా వల్ల కాలేదు.

"ఏమీ తిరగక్కర్లేదు, నా మొహం" అన్నాను. "అది వెంట్రుక. పాత కుంచె వెంట్రుక ఊడి రంగులో పడింది. నేను లాగింది ఒక్కటే గీత. దాన్నే కంప్యూటర్ అన్నింటికీ తొడిగింది. ఆ గీత తప్పే పిల్లా! ఓపిక లేక వదిలేశా."

ఆమె నన్ను చూసింది. పెట్టెల వరస చూసింది. "అయితే నేను ఇన్ని ఆదివారాలు కూర్చుని వెంట్రుక గీశానా?" అంది.

అని, బోర్లించిన పెట్టె మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూసి నాకూ వచ్చింది. బయటినుంచి మావయ్యగారు "పెట్టెలు దొరికినయ్యా?" అని కేకేస్తుంటే ఇద్దరికీ జవాబు చెప్పే ఊపిరి లేదు.

నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకుని, మూలనున్న డబ్బా మూత తీసి, కుంచె ముంచింది. కొత్త పెట్టె ఒకటి ముందుకు లాక్కుని, ఏదీ చూడకుండా, ఏదీ ఆలోచించకుండా రాసింది. గాజులు గలగలమన్నాయి. అదే, మొదటి రోజు రాత. దట్టంగా మొదలై, ఊగి, చివరికొచ్చి ఆరిపోయే రాత. నా గీతలు, నా బియ్యం పళ్ళెం, నా కంప్యూటర్ దాని ముందు ఏమాత్రం నిలవవు. చల్లబడిందనుకున్న చోటే మళ్ళీ మండింది. నవ్వుకున్నాం కదా, పోయిందనుకున్నాను. ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది.

"బాగుందా అక్కా?" అంది.

"బాగుంది" అన్నాను. ఈసారి పళ్ళు బిగించలేదు. "ఆ గీత కూడా వెయ్యి" అన్నాను.

"ఎందుకు? అది తప్పన్నారుగా?"

"తప్పయితేనేం. నాది."

ఆమె ఒకసారి నా మొహంలోకి చూసింది. జడలోంచి పిన్ను తీసి, తడి ఆరకముందే, వంగి కూర్చుని, అన్ని అక్షరాల మీదా నా వెంట్రుక గీసింది.